గర్భాశయపు గడ్డలకు రక్తనిరోధ చికిత్స: రక్తమార్గములలోని వైపరీత్యములు

(వార్షిక సభలయందలి మహిళా సమావేశమున చేసిన ఉపన్యాసము)



కార్యదర్శిగారు నాకు వ్రాసిన లేఖలో "స్త్రీల యారోగ్యమును గుఱించి యేదైన నొక విషయము" అని మాత్రముండెను. ఆ శీర్షిక క్రింద ఆహారము, శుభ్రత, వ్యాయామము అను మూడింటిని గుఱించి నాలుగు మంచిమాటలు చెప్పి కూర్చుండుట సులభము. అవి మీకు తెలియనివి కావు. కావున నేను మన యిండ్లలో మిక్కిలి తఱచుగా వచ్చునదియు, నలుగురిలో చెప్పుకొనుటకు సిగ్గుపడునదియు నగు నొక వ్యాధిని, దానికిగల చికిత్సలలో నొకదానిని, ఆ చికిత్స కొందఱియందు ఫలింపకపోవుటకుగల యొక ముఖ్యకారణమును మాత్రమే యెత్తుకొందును. విషయము కొంత సూక్ష్మమైనది. కాని కాలువలును బోదెలును తూములును ఎఱిగిన వారికి కష్టమైనది కాదు.

గర్భాశయము కండరముతో కట్టబడిన సంచి. ఆ కండరమునందలి యొక కణము అదుపు దప్పి, తనవంటి కణములను పెంచుకొనుచు గుండ్రని గడ్డగా నేర్పడును. దీనిని వైద్యులు ఫైబ్రాయిడ్ అందురు. మన యాడువారు "సంచిలో గడ్డ" యందురు. ఆ మాటయే చాలును. ఇది క్యాన్సరు కాదు. కందిగింజంత మొదలు పనసకాయంత వఱకు నుండవచ్చును. ఒకటి యుండవచ్చును, ఇరువది యుండవచ్చును. స్త్రీ హార్మోనుల బలము ఉన్నంతకాలము పెరిగి, ముట్లుడిగిన పిమ్మట సాధారణముగ కృశించును. అమెరికాలోని వాషింగ్టను నగరమున జరిపి 2003లో ప్రకటించిన యొక పరిశోధనలో, 50 ఏండ్లు వచ్చునప్పటికి తెల్లజాతి స్త్రీలలో నూటికి ఇంచుమించు 70 మందికిని, నల్లజాతి స్త్రీలలో 80 మందికి పైగాను ఇవి కలుగునని తేలినది. ఇట్టివారిలో పెక్కుమందికి గడ్డ యున్నదన్న సంగతియే తెలియదు. బాధపెట్టని గడ్డకు సాధారణముగ చికిత్స యక్కఱలేదు. స్కానింగు కాగితముమీద ఆ పేరు కనబడినంతనే ధైర్యము విడుచువారు ఈ మాటను మఱియొకమాఱు తలపోసికొందురుగాక.

బాధపెట్టు గడ్డ సంగతి వేఱు. నాలుగైదు దినములలో ముగియవలసిన ముట్టు పది దినములు సాగును. నెత్తురు పేరుకొని ముద్దలుగా పడును. మెట్లెక్కిన ఆయాసము, ముఖము పాలిపోవుట, తల తిరుగుట కలుగును. గడ్డ పెద్దదైనచో మూత్రాశయము నదుముటచే గంటకొకమాఱు లేవవలసివచ్చును; పొత్తికడుపు బరువెక్కి నడుము నొప్పియును మలబద్ధమును పట్టును. ఇన్ని యున్నను మన స్త్రీలు చెప్పరు. పెండ్లికి పిలిచినచో బట్టకు మఱకయగునేమోయని పోరు. పోకపోవుటకు తలనొప్పి యని కారణము చెప్పుదురు. రక్తహీనత ముదిరి, నేలమీద కూలబడిన దినమున గాని ఆసుపత్రికి రారు. వచ్చిన దినముననే "సంచి తీసివేయుడు" అందురు. ఈ మాట యనునది తఱచుగ ఆమె కాదు. ఆమె వెంట వచ్చినవారు.

ఈ చివరి మాట నేను నిష్ఠురముగ ననుట లేదు. లెక్కలు చూపి యనుచున్నాను. కేంద్రప్రభుత్వము 2015-16 సంవత్సరములలో జరిపించిన నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 సంవత్సరముల వయస్సుగల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటను సగటున నూటికి 3.2 మందియై యుండగా, ఆంధ్రప్రదేశమున 8.9 మందియు, తెలంగాణమున 7.7 మందియు నుండిరి. అనగా మన రెండు రాష్ట్రములును దేశపు సగటునకు రెండురెట్లు దాటియున్నవి. గర్భసంచి తీయు శస్త్రచికిత్స చెడ్డదని నేననను. క్యాన్సరు కలిగినచోట, ఇతరోపాయములు విఫలమైనచోట, అన్నియు తెలిసికొన్న పిమ్మట స్త్రీ తానే కోరినచోట, అది ప్రాణరక్షకము, సుఖప్రదము. కాని చిన్నవయస్సున సంచి తీసినచో, అండాశయములను విడిచిపెట్టినను ముట్లుడుగు లక్షణములు ముందుగా వచ్చు నవకాశము హెచ్చు. అండాశయములను గూడ తీసినచో ఎముకలకును గుండెకును కీడు కలుగును. 2023వ సంవత్సరము ఏప్రిలు మాసమున సుప్రీంకోర్టువారు అనవసరముగ గర్భసంచులు తీయుటను గుఱించిన వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, కేంద్రప్రభుత్వము సిద్ధపఱచిన నియమములను మూడు మాసములలో అమలునకు తేవలసినదని రాష్ట్రముల నాదేశించిరి. విషయము న్యాయస్థానముదాక పోయినదనిన, ఇది యొక యింటి గుట్టు మాత్రమే కాదని యెఱుగవలయును.

సంచిని తీయుటకును, ఊరకుండుటకును నడుమ మార్గములు లేకపోలేదు. మందులు కలవు. గడ్డలను మాత్రము వలిచి సంచిని నిలుపు మయోమెక్టమీ యను శస్త్రచికిత్స కలదు. మూడవది నేడు నేను చెప్పబోవు ఎంబొలైజేషను, అనగా గడ్డకు పోవు నెత్తురును ఆపి దానిని ఎండగట్టుట.

దీని పుట్టుక విచిత్రమైనది. ధమనిలోనికి సూదిద్వారా సన్నని తీగను పంపి, ఆ తీగ వెంబడి గొట్టమును జరుపు సులభమైన పద్ధతిని స్వీడను దేశపు సెల్డింజరు అను వైద్యుడు 1953లో ప్రకటించెను. అది మొదలు కత్తి లేకుండ దేహములోని యే ధమనినైనను చేరుట సాధ్యమైనది. ప్రసవానంతరమున ఆగని రక్తస్రావమును ఇట్లు గొట్టముద్వారా ఆపిన వృత్తాంతము 1979లో వెలువడినది. పారిసు నగరమున జాక్ రవీనా యను స్త్రీవైద్యుడు, గడ్డల శస్త్రచికిత్సకు ముందు నెత్తురు తక్కువగ పోవుటకై గర్భాశయ ధమనులను మూయింపసాగెను. అది ఉపచారమే గాని చికిత్సయని యెవరును తలపలేదు. కాని శస్త్రచికిత్సకు వేచియున్న స్త్రీలలో కొందఱు రక్తస్రావము తగ్గినదనియు, ఇంక కోతతో పని లేదనియు చెప్పసాగిరి. రవీనాయును సహచరులును 16 మంది స్త్రీల వృత్తాంతమును 1995లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిరి: 11 మందికి బాధ తీఱెను, ముగ్గురికి కొంత తగ్గెను, ఇద్దఱికి శస్త్రచికిత్స తప్పలేదు. రోగులే తమ వైద్యునకు నేర్పిన చికిత్సలలో నిది యొకటి. 1997నాటికి అమెరికాలోని లాస్ ఏంజిలిసు వైద్యులును తమ యనుభవమును ప్రకటించిరి. 2004 నవంబరులో, అప్పుడు అమెరికా అధ్యక్షునకు జాతీయ భద్రతా సలహాదారుగా నుండిన కాండొలీసా రైస్ ఈ చికిత్సనే చేయించుకొని, యొక రాత్రి ఆసుపత్రిలో నుండి వెడలెను. పదవులయందున్నవారు ఇట్టి వ్యాధిని దాపక చెప్పుట నాకు మెచ్చదగినదిగ తోచును.

చికిత్స జరుగు తీరును చెప్పెదను. రోగి మెలకువగానే యుండును; నొప్పికిని భయమునకును మందిత్తురు. గజ్జవద్ద గాని, మణికట్టువద్ద గాని చర్మమును మొద్దుపఱచి, రెండు మిల్లీమీటరులైన లేని మందముగల గొట్టమును ధమనిలోనికి పంపుదురు. ఎక్సురే తెరమీద చూచుచు, అయోడిను గల రంగుమందును చిమ్మి దారిని తెలిసికొనుచు, మొదట నొక ప్రక్క గర్భాశయ ధమనిని, తరువాత రెండవ ప్రక్క ధమనిని చేరుదురు. ఇక ఆ గొట్టముద్వారా మిల్లీమీటరులో సుమారు సగము మొదలు తొమ్మిదిపదుల వంతుల వఱకు పరిమాణముగల రేణువులను కొంచెము కొంచెముగ వదలుదురు. గోదావరి డెల్టా సోదరీమణులకు ఇట్లు చెప్పిన సులభముగ తెలియును: ఇది తూము మూయుట కాదు. కాలువ నీటిలో ఇసుకను వదలి, అది పోయి కలుపు ముదిరిన మడియొక్క బోదెలలో మేటవేయునట్లు చేయుట. కలుపుమడి మంచిమడికంటె నెక్కువ నీటిని గుంజుకొనుచున్నది గనుక ఇసుకయు దానివంకకే యెక్కువగ పోవును. గర్భాశయపు మంచి కండరమునకు అనేక దిక్కులనుండి చిన్నచిన్న బోదెలు కలవు గనుక నది బ్రదుకును; గడ్డకు అట్టి యాధారము లేదు గనుక నెండును.

"ఆ ఇసుక గుండెకో మెదడునకో పోదా?" అని స్త్రీలడుగుదురు. మంచి ప్రశ్న. ధమనిలో నెత్తురు ఎప్పుడును సన్నని కొమ్మలవైపే పోవును. రేణువు తన పరిమాణమునకు తగిన కొమ్మలో ఇఱుకుకొని నిలుచును. నిండిన పిమ్మటను మితిమీఱి చిమ్మినచో వెనుకకు పొంగి ప్రక్క కొమ్మలలో పడవచ్చును. కావుననే కొంచెము కొంచెముగ వదలుట, ప్రవాహము మందగించినంతనే మానుట. చేయివాటము తెలిసినవాని పని యిది.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాను. కాలువల పటము అందఱి దేహములలో నొక్కతీరుగ నుండదు.

వైద్య విద్యార్థులు చదువుకొను పటమిది: గుండెనుండి దిగిన బృహద్ధమని నడుములోని నాలుగవ వెన్నుపూస యెత్తున రెండుగా చీలును. ఒక్కొక్క పాయ మరల చీలి, లోపలిపాయ కటిభాగమునకు పోవును. ఆ లోపలిపాయయొక్క ముందుకొమ్మనుండి గర్భాశయ ధమని పుట్టి, మూత్రనాళమునకు పైగా దాటి, సంచి ప్రక్కను చేరి, వంకరలు తిరుగుచు మీదికి ప్రాకును. కోనసీమలో గన్నవరము అక్విడక్టువద్ద కాలువ పైనను, వైనతేయ గోదావరి క్రిందను పాఱుటను చూచినవారు ఈ దాటుటను కన్నులకు కట్టినట్లు గ్రహింపగలరు. శస్త్రచికిత్స చేయువారికి ఇది భయస్థానము. ఆ కాలువను కోయబోయి క్రింది నదిని కోయు ప్రమాదము కలదు. మాకు మాత్రము ఇది గుఱుతు.

పటము ఇట్లుండగా, దేహము ఇట్లే యుండవలయునన్న నియమము లేదు. కొందఱియందు గర్భాశయ ధమని ముందుకొమ్మనుండి కాక, లోపలిపాయనుండియే సూటిగ పుట్టును. కొందఱియందు మూడు కొమ్మలు ఒక్కచోటనే చీలి, ఏది యేదియో తెలియరాకుండును. కొందఱియందు మూత్రాశయమునకు గాని, యోనిమార్గమునకు గాని పోవు కొమ్మతో కలసి యొక్క మొదలుగా పుట్టును. అట్టిచోట మొదలువద్దనే నిలిచి రేణువులు వదలినచో అవి మూత్రాశయమునకు పోయి పుండుపఱచును. కావున కలిసిన మొదలును దాటి, ఇంకను సన్నని గొట్టమును గర్భాశయపు కొమ్మలోనికే పంపవలయును. వీనిని తెరమీద ప్రక్కవాటుగ తిప్పి చూచిన గాని తెలియవు.

ఇవి పుట్టుకయందలి భేదములు మాత్రమే. ధమని కలదు, దారి వేఱు. ధమనియే లేని స్త్రీలును కలరు. ఒక ప్రక్క గర్భాశయ ధమని లేకపోవుటయో, దారమువలె సన్నగిలి యుండుటయో తటస్థించును. అప్పుడు రెండవప్రక్క ధమనియే సంచిని దాటివచ్చి యిరుప్రక్కలను పోషించుచుండును. లేక పైనుండి అండాశయ ధమని దిగివచ్చి లోటు తీర్చును. లేక గజ్జలోని కట్టు వెంబడి, పొట్టగోడ ధమనినుండి యొక చిన్నకొమ్మ లోనికి ప్రాకును. ఇచ్చట నొక హెచ్చరిక. గొట్టపు కొన తగిలిన చికాకుచే ధమని ముడుచుకొని, యుండియు లేనట్లు కనబడవచ్చును. గడ్డలను కుదించుటకు ఇచ్చు కొన్ని హార్మోను సూదిమందులు వాడినవారియందు ధమనులు సన్నగిలి యిట్టి భ్రాంతి యెక్కువగ కలుగును. కావుననే ఆ మందును మాని కొంతకాలము గడచిన పిమ్మట చికిత్సకు రమ్మందుము. నిజముగ లేకపోవుట వేఱు, ముడుచుకొని కనబడకపోవుట వేఱు. మొదటిదానికి వేఱు మార్గము వెదకవలయును. రెండవదానికి ఓపిక పట్టవలయును.

అన్నింటికంటె ముఖ్యమైనది అండాశయ ధమని. ఇది నడుమునందలి రెండవ వెన్నుపూస యెత్తున, మూత్రపిండముల ధమనులకు కొంచెము దిగువ, బృహద్ధమనినుండియే పుట్టును. పొత్తికడుపులోని అండాశయమునకు అంత యెత్తునుండి నెత్తురేలయని మీకు సందేహము కలుగవచ్చును. తల్లి కడుపులో పిండముగా నున్నప్పుడు అండాశయము మూత్రపిండముల సమీపముననే పుట్టును. తరువాత క్రిందికి జాఱును. జాఱునప్పుడు తన ధమనిని గూడ వెంటదీసికొని దిగును. పుట్టినయింటి బంధము విడువని ఆడుబిడ్డవంటిదని నేను విద్యార్థులకు చెప్పుచుందును. ఈ కారణముచేతనే కొందఱియందు అది మూత్రపిండ ధమనినుండియే పుట్టుటయు గలదు.

ఈ అండాశయ ధమనియు, గర్భాశయ ధమనియు సంచి భుజమువద్ద కలిసికొనును. ఆ కలయిక మూడు విధములు. ఒక్కొక్కదాని ఫలము వేఱు. మొదటి విధమున, పైనుండి వచ్చిన నెత్తురు గర్భాశయ ధమనిలో కలిసి, దానిద్వారానే గడ్డకు పోవును. ఇచ్చట చిక్కు లేదు. గర్భాశయ ధమని బోదెలు మేటవేసినచో రెండు నీళ్లును ఆగును. రెండవ విధమున అండాశయ ధమని తన స్వంత కొమ్మలతో గడ్డను సూటిగ పోషించును. ఇచ్చట గర్భాశయ ధమనులను రెండింటిని ఎంత చక్కగ మూసినను గడ్డలో కొంతభాగము పచ్చగనే యుండును. కాలువ కట్టినను చెఱువునీరు పాఱుచున్న మడివంటిది. మూడవ విధము దీనికి విరుద్ధము: అండాశయమే తన నెత్తురును గర్భాశయ ధమనినుండి తెచ్చుకొనుచుండును. ఇచ్చట తెలియక రేణువులు వదలినచో అవి అండాశయమునకు పోయి, అకాలమున ముట్లుడుగుటకు కారణమగును. ఈ రెంటినడుమగల కలయిక నాళములు మిల్లీమీటరులో సగము వెడల్పు గలవని కొలిచి చూచినవారు చెప్పుదురు; అందుచేతనే అంతకంటె చిన్న రేణువులను వాడుటకు జంకుదుము.

గడ్డల పోషణలో అండాశయ ధమనికి గణనీయమైన పాలు గల స్త్రీలు నూటికి 5 మొదలు 10 మంది వఱకు నుందురని సాధారణముగ చెప్పుదురు. గడ్డ మిక్కిలి పెద్దదై సంచి తలభాగమున నున్నవారియందును, పూర్వము పొత్తికడుపులో శస్త్రచికిత్స జరిగినవారియందును దీని యవకాశము హెచ్చు. నూటికి అయిదుగురు అనిన స్వల్పమని తోచును. కాని ఆ అయిదుగురిలో నొకతె మన చెల్లెలైనప్పుడు, చికిత్స చేయించుకొని, నొప్పి యనుభవించి, ఖర్చు భరించి, ఆరు మాసములకు మరల నెత్తురు పోవుచుండగా, "ఈ క్రొత్త వైద్యము వట్టిది, ముందే సంచి తీయించుకొనవలసినది" అని యింటివారందఱు ననుచుండగా, ఆమెకు కారణము చెప్పువారెవరు? వైద్యము వట్టిది కాదు. రెండవ కాలువను ఎవరును చూడలేదు.

చూచుట యెట్లు? చికిత్సకు ముందు ఎమ్.ఆర్.ఐ. తీయించినచో గడ్డల సంఖ్య, స్థానము, వానిలో నెత్తురు ఆడుచున్నదా లేదా యన్నది తెలియును. ఉబ్బి వంకరలు తిరిగిన అండాశయ ధమని యున్నచో నదియు కనబడును. వట్టి స్కానింగుతో ఇంత తెలియదు. చికిత్స చివర గొట్టమును మూత్రపిండముల యెత్తువఱకు జరిపి, బృహద్ధమనిలోనే రంగు చిమ్మి యొక చిత్రము తీసినచో అండాశయ ధమని దాగజాలదు. దీనిని అందఱికిని చేయవలయునా, అనుమానమున్నవారికే చేయవలయునా యని మా వైద్యులలోనే భేదాభిప్రాయములు కలవు. చిత్రము తీసినకొలది ఎక్సురే తగిలెడు మోతాదు హెచ్చును. అండాశయము లుండు చోటనే అది తగులును. ముందు ఎమ్.ఆర్.ఐ. చక్కగ చదివి, అనుమానమున్నవారికే ఈ చివరి చిత్రము తీయుట నా మతము. అసలు ఎమ్.ఆర్.ఐ. లేకయే చికిత్సకు పూనుకొనుటను మాత్రము నేనొప్పుకొనను.

రెండవ కాలువ కనబడినప్పుడు దానిని గూడ మూయవచ్చునా? మూయవచ్చును; మూయుచున్నారు. కాని అండాశయమునకు కీడు కలుగు నవకాశము హెచ్చును గనుక, సంతానము కోరు స్త్రీవిషయమున నొకతీరుగను, ముట్లుడుగు వయస్సునకు చేరిన స్త్రీవిషయమున నొకతీరుగను ఆలోచింపవలయును. ఈ సంభాషణ చికిత్సకు ముందే జరుగవలయును. బల్లమీద పరుండి, మందు మత్తులోనున్న స్త్రీని "అమ్మా, పైధమనిని గూడ మూయుదుమా?" అని యడుగుట అనుమతి గైకొనుట కాదు, వెలుపల నున్న భర్తను పిలిచి యడుగుట అంతకంటె కాదు.

చికిత్స ఫలము నున్నదున్నట్లు చెప్పవలయును గదా. గడ్డలు కొన్ని మాసములలో సుమారు సగమునకు కుదియును; రక్తస్రావము అంతకంటె ముందే తగ్గును. బ్రిటనులో 157 మంది స్త్రీలతో జరిపి 2007లో ప్రకటించిన పరిశోధనలో, ఏడాది గడచునప్పటికి ఎంబొలైజేషను చేయించుకొన్నవారును, శస్త్రచికిత్స చేయించుకొన్నవారును సమానముగ సుఖపడిరి. మొదటివారు ఆసుపత్రిలోనుండి చాల ముందుగ వెడలిరి. కాని అయిదేండ్లలో మొదటివారిలో నూటికి 32 మందికి మరల నేదో యొక చికిత్స కావలసివచ్చెను, శస్త్రచికిత్సవారిలో 4గురికే. హాలండులో 177 మందితో జరిపిన పరిశోధనలో, పదియేండ్ల పిమ్మట, ఎంబొలైజేషను చేయించుకొన్నవారిలో మూడింట రెండువంతులమంది గర్భసంచి నిలుపుకొని యుండిరి. గడ్డలను మాత్రము వలుచు శస్త్రచికిత్సతో పోల్చి, బ్రిటనులోనే 254 మందితో జరిపి 2020లో ప్రకటించిన పరిశోధనలో, ఇరుపక్షములవారికిని మేలు కలిగినను, రెండేండ్ల పిమ్మట శస్త్రచికిత్సవారి స్థితియే మెఱుగుగ నుండెను. నా వృత్తి ఎంబొలైజేషనైనను ఈ లెక్కలను దాచుట ధర్మము కాదు.

సంతానము కోరువారికి సాధారణముగ గడ్డలను వలుచు శస్త్రచికిత్సయే ముందుగ చెప్పబడును. ఎంబొలైజేషను పిమ్మట బిడ్డలను కన్నవారు కలరు. అయినను ఆ విషయమున నిర్ధారణ చాలదు. గర్భవతులకును, కటిభాగమున చీము, జ్వరము ఉన్నవారికిని, క్యాన్సరు అనుమానము గలవారికిని ఇది కూడదు. ముట్లుడిగిన పిమ్మట నెత్తురు కనబడినచో మొదట దాని కారణమును శోధింపవలయును. ఎంబొలైజేషనులో గడ్డ ముక్కను తీసి పరీక్షించుట లేదు గనుక ఈ జాగ్రత్త రెండింతలు వలయును. 45 ఏండ్లు దాటినవారికి చికిత్స పిమ్మట ముట్లు నిలిచిపోవు నవకాశము చిన్నవారికంటె హెచ్చు.

నొప్పిని గుఱించి వైద్యులు మెత్తగ చెప్పుట నాకు రుచింపదు. మొదటి రాత్రి నొప్పి తీవ్రముగనే యుండును. నెత్తురందని కండరము నొప్పింపక మానదు. దానికి తగిన మందును ముందే సిద్ధపఱచిన ఆసుపత్రికే పోవలయును. తరువాత కొన్ని దినములు జ్వరము, వికారము, అలసట యుండి, ఒకటి రెండు వారములలో పనిపాటలు చేసికొనవచ్చును. కాని కొన్ని వారముల పిమ్మట జ్వరము మరల హెచ్చి, దుర్వాసనతో స్రావము కనబడినచో అది కుళ్లు పట్టినదనుటకు గుఱుతు. లోపొరవద్ద నుండిన గడ్డ ఊడి వెలుపలికి వచ్చుటయు గలదు. అప్పుడు ఊరిలో నేదో మాత్ర వేసికొని కాలము పుచ్చక, చికిత్స చేసినచోటికే నాడే పోవలయును.

ఈ విద్య నెఱిగినవారు హైదరాబాదు మొదలగు నగరములయందలి పెద్ద ఆసుపత్రులలో కలరు. వారిని ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులందురు. ఎక్సురే ఫొటోలు తీయువారని తలంచి ఎవరును వారివద్దకు పోరు. స్త్రీవైద్యురాలును, ఈ వైద్యుడును కలిసి చూచిన పిమ్మట నిర్ణయించుట మంచిది. పోయినప్పుడు అడుగవలసినవి నాలుగైదు మాటలే: నా గడ్డలు ఎచ్చట నున్నవి? వానికి నెత్తురు ఎన్ని దారుల వచ్చుచున్నది? అండాశయ ధమనిని చూచితిరా? అది గడ్డకు పోవుచున్నచో ఏమిచేయుదురు? నా అండాశయములకు దానిచే నేమగును? ఈ ప్రశ్నలకు విసుగుకొను వైద్యుని వదలి మఱియొకరివద్దకు పోవుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు.

చికిత్స జరిగినవారు ఆరు మాసములకు మరల ఎమ్.ఆర్.ఐ. తీయించుకొనవలయును. గడ్డ నల్లగ, నెత్తురు లేక కనబడినచో పని నెఱవేఱినది. పరిమాణము ఇంకను పెద్దదిగ నున్నను దిగులు వలదు, అది మెల్లగ కుదియును. కొంతభాగము నెత్తురుతో వెలుగుచున్నచో, సంచి తీయుటకు సంతకము పెట్టుటకు ముందు, అండాశయ ధమనిని వెదకుమని కోరుడు. రెండవమాఱు ఆ దారిని మూసి బాధ తీర్చినవారు కలరు. మొదటి చికిత్సనాటి చిత్రములు గల సీడీని ఆసుపత్రినుండి వెడలునప్పుడే యడిగి తీసికొని, ఇంటి దస్తావేజులతోపాటు పెట్టెలో భద్రపఱచుడు. రెండవ వైద్యుడు మొట్టమొదట అడుగునది అదియే.